మా తాన 0.31, కస్టమర్ తాన 0.54: ఒక్కటే షాఫ్ట్, రెండు రీడింగులు

జీడిమెట్ల_గ్రైండర్ · సోమవారం రాత్రి 9:42

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జీడిమెట్లల చిన్న జాబ్‌వర్క్ షెడ్డు. రెండు సిలిండ్రికల్ గ్రైండర్లు, ఒక సర్ఫేస్ గ్రైండర్ ఉన్నయి. గేర్‌బాక్స్ షాఫ్టులు చేస్తం. మాల్ ఈఎన్‌-8, ఇండక్షన్ హార్డెనింగ్ అయి వస్తది. ఆయిల్ సీల్ కూసునే జాగ 35 డయా, 18 వెడల్పు. అది మేం ప్లంజ్ గ్రైండింగ్ (రాయిని పక్కకు జరపకుండ సీదా లోపలికి దింపుడు) చేసి ఇస్తం. డ్రాయింగుల ఆ జాగకి ఆర్‌ఏ 0.4 మాక్సిమమ్ అని ఉన్నది (ఆర్‌ఏ అంటె గరుకుతనం సగటు, మైక్రాన్లల).

పోయిన వారం 120 పీసులు పంపినం. పంపే ముందర మా చేతి రఫ్‌నెస్ టెస్టర్ తోని పదిట్ల ఒకటి చూసినం. 0.30, 0.31, 0.32 గిట్లనే వచ్చినయి. ఇయ్యాల కస్టమర్ ఇన్‌వర్డ్ ఇన్‌స్పెక్షన్ నుంచి మెయిల్. వాళ్లకు 0.53 నుంచి 0.56 దాకా వస్తున్నదట. లాట్ మొత్తం హోల్డ్ పెట్టిన్రు, డెబిట్ నోట్ వేస్తమంటున్నరు.

ఐదు షాఫ్టులు వాపస్ తెప్పించి మళ్ల చూసిన. మా దాంట్ల మళ్ల గదే 0.31. మాస్టర్ పీసు (గరుకుతనం ముందే తెలిసిన నమూనా ముక్క) మీద పెడితె మంచిగనే చూపిస్తున్నది (దాని మీద 2.97 అని రాసుంది, మాకు 2.95 వచ్చింది). కేలిబ్రేషన్ సర్టిఫికెట్ మార్చి దాకా ఉన్నది. ఇగ తప్పు ఎవ్వరిది, మా మిషనుదా వాళ్ల మిషనుదా? రేపు పొద్దుగాల ఫోన్ చేసి గట్టిగ మాట్లాడదామనుకుంటున్న.

ఆటోనగర్_బాబాయ్ · సోమవారం రాత్రి 10:05

గట్టిగా మాట్లాడేముందు ఓసారి గోరు పెట్టి గీకి చూడు అబ్బాయ్. మా రోజుల్లో మిషన్లెక్కడివి, ఫోర్‌మన్ బొటనవేలి గోరే కేలిబ్రేషన్ లాబు. సర్టిఫికెట్ గడువు ఆయన రిటైరయ్యే దాకా.

మెట్రాలజీ_అక్క · సోమవారం రాత్రి 10:31

బాబాయ్ గారి గోరుకి నా నమస్కారాలు. గ్రైండర్ తమ్ముడూ, రేపు ఫోన్ చేసేముందు నాలుగు సంగతులు చూసి చెప్పు.

కటాఫ్ (ఎంత వెడల్పు అలల దాకా గరుకుతనంగా లెక్కించాలో చెప్పే హద్దు, మిల్లీమీటర్లలో) ఎంత పెట్టావు? తెర మీద ఓ మూల చిన్న అంకెల్లో ఉంటుంది, 0.8 ఇంటూ 5 అనో 0.25 ఇంటూ 5 అనో. స్టైలస్‌ని (కొలిచే సన్న ముల్లుని) షాఫ్ట్ పొడవునా నడిపావా, అడ్డంగానా? నీ డిటెక్టర్‌కి స్కిడ్ (షాఫ్ట్ మీద ఆని జారే చిన్న కాలు) ఉందా, వాళ్లదానికి ఉందా? నీ స్టైలస్ మొన రేడియస్ 2 మైక్రాన్లా, 5 మైక్రాన్లా?

ఈ నాలుగూ రాయకుండా ఇచ్చిన ఆర్‌ఏ అంకె, ఏ సంతలో తూచారో చెప్పకుండా చెప్పిన బరువులాంటిది. నేను ఇరవై ఏళ్లుగా లాబులో ఉన్నాను, ఈ గొడవల్లో సగానికి పైగా మొదటి ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

సీఎన్‌సీ_నైట్‌షిఫ్ట్ · మంగళవారం తెల్లవారుజాము 2:17

నాకు తెలిసి స్టైలస్ అరిగిపోయి ఉంటుంది బ్రో. మొన మొద్దుబారితే లోయల్లోకి దిగదు, రీడింగ్ తక్కువ వస్తుంది. మా షాపులో అదే అయింది. ఇంకోటి, పక్కన పవర్ ప్రెస్ ఏమైనా ఉందా? మా దగ్గర ప్రెస్ దెబ్బ పడినప్పుడల్లా 0.2 ఉన్నది 0.35 చూపించేది. ఇప్పుడు ప్రెస్ వాళ్లు టీకి వెళ్లినప్పుడే కొలుస్తాం.

జీడిమెట్ల_గ్రైండర్ · మంగళవారం పొద్దున 8:50

ప్రెస్ లేదన్నా. కంప్రెసర్ ఉన్నది గని బయట షెడ్డుల. మాస్టర్ మీద 2.95 వచ్చింది కద, ఇగ స్టైలస్ మంచిగనే ఉన్నట్టు కాదా? కటాఫ్ సంగతి షెడ్డుకు పోయినంక చూస్త అక్కా. షాఫ్ట్ పొడవునే నడిపిన, అది నాకు ఎరుకే.

మెట్రాలజీ_అక్క · మంగళవారం ఉదయం 9:20

మాస్టర్ సరిగ్గా చూపిస్తే స్టైలస్ బాగున్నట్టు కాదు తమ్ముడూ. చాలామంది ఇక్కడే మోసపోతారు.

3 మైక్రాన్ల మాస్టర్ మీద గీతలు వెడల్పుగా, ఒకే వరసలో ఉంటాయి. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య దాదాపు పదోవంతు మిల్లీమీటరు దూరం. మొన 2 మైక్రాన్ల నుంచి 10 మైక్రాన్లకి మొద్దుబారినా అంత వెడల్పు లోయలోకి హాయిగా దిగేస్తుంది, రీడింగ్ పెద్దగా మారదు. గ్రైండింగ్ ముఖం అలా కాదు. దాని గీతలు సన్నం, మొన అరిగితే వాటి అడుగు తాకదు. అందుకే కొన్ని మాస్టర్లకి రెండు పట్టీలుంటాయి, ఒకటి 3 దగ్గర, ఇంకోటి 0.4 దగ్గర. రెండో పట్టీ ఉన్నదే మొన అరుగుదల పట్టుకోవడానికి. మాస్టర్ చూపించి మిషన్ బాగుందనేవాళ్లలో ఆ రెండో పట్టీ సంగతి తెలిసినవాళ్లు నాకు తక్కువమందే కనిపించారు.

అయినా నీ కేసులో స్టైలస్ ఒక్కటే కారణమైతే 0.54 కాస్తా 0.31 అయ్యేంత తేడా రాదనుకుంటున్నా. ముందు కటాఫ్ చూడు.

జీడిమెట్ల_గ్రైండర్ · మంగళవారం పొద్దున 11:08

అక్కా, దొరికింది. కటాఫ్ 0.25 ఉన్నది.

దసరా ముందర ఒకరికి గేజ్ పిన్నులు ల్యాపింగ్ చేసి ఇచ్చినం. అవి ఆర్‌ఏ 0.05 కావాల్నన్నరు. అప్పుడు మా పిలగాడు 0.25 పెట్టిండు, మళ్ల మార్చలే. మాస్టర్ చూసేటప్పుడు మాత్రం కేలిబ్రేషన్ మెనూల పోతడు, అండ్ల అది తనంతట తనే వేరే సెట్టింగ్ తీస్కుంటది. గందుకే మాస్టర్ మంచిగ వచ్చింది.

0.8 పెట్టి అవే ఐదు షాఫ్టులు చూసిన. 0.52, 0.53, 0.55, 0.53, 0.54.

తల తిరిగింది. అంటె కస్టమర్ కరెక్టే, మేమే రెండు నెలల సంది తప్పు కొలుస్తున్నం. ఫోన్ చేసి లొల్లి పెట్టకపోవుడు మంచిగైంది.

రిటైర్డ్_టూల్‌రూమ్ · మంగళవారం మధ్యాహ్నం 1:15

బాబూ, సెట్టింగ్ దొరికింది, సంతోషం. కానీ అసలు ప్రశ్న ఇప్పుడు మొదలైంది. కటాఫ్ మారిస్తే రీడింగ్ ఎందుకు అంత పెరిగింది?

దున్నిన చేను ఊహించుకోండి. చేనుకి మొత్తంగా ఒక వాలు ఉంటుంది, మధ్యలో పెద్ద ఎత్తుపల్లాలుంటాయి, వాటి మీద నాగలి చాళ్లుంటాయి. చాళ్ల లోతు మాత్రమే కావాలంటే వాలునీ ఎత్తుపల్లాలనీ లెక్కలోంచి తీసెయ్యాలి. కటాఫ్ చేసే పని అదే. ఎంత వెడల్పు అలల దాకా గరుకుతనం అనాలో, ఎక్కడి నుంచి వేవీనెస్ కింద తోసెయ్యాలో ఆ అంకె చెబుతుంది. పొడవునా కొలవాలన్నది కూడా ఇక్కడే అర్థమవుతుంది. చాలు వెంట నడిస్తే చాలు లోతు తెలియదు, చాళ్లకి అడ్డంగా నడవాలి. రౌండ్ గ్రైండింగులో చాళ్లు షాఫ్ట్ చుట్టూ ఉంటాయి కాబట్టి స్టైలస్ పొడవునా వెళ్లాలి.

మీ గ్రైండింగ్ రేణువుల గీతలు చాలా సన్నం, కొన్ని పదుల మైక్రాన్ల వెడల్పు. వాటికి 0.25 కటాఫ్ ఎక్కువే. ఒట్టి అవే ఉంటే 0.25తో కొలిచినా 0.8తో కొలిచినా కొద్ది తేడాయే రావాలి. 0.31 కాస్తా 0.53 అయిందంటే ఆ ముఖం మీద ఇంకేదో పెద్ద అల ఉంది. మీ 0.25 కటాఫ్ దాన్ని దాచిపెట్టింది. మీ టెస్టర్‌లో గ్రాఫ్ వస్తుందా? వస్తే 0.8 కటాఫ్‌తో తీసి, ఆ అలలు లెక్కపెట్టండి.

మేము పనిచేసే రోజుల్లో టాలీసర్ఫ్ మీద పొడుగు కాగితం పట్టీ వచ్చేది, దాని మీద ముల్లు గీసుకుంటూ పోయేది. 1941లో ఇంగ్లండులోని లెస్టర్‌లో టేలర్ హాబ్సన్ వాళ్లు మొదటి టాలీసర్ఫ్ తెచ్చారు. మా దగ్గరున్నది అంత పాతది కాదులెండి, కానీ పద్ధతి అదే. అంకె మీటర్ మీద వచ్చినా, మా సూపర్‌వైజర్ ముందు పట్టీ చూసేవారు. ఇప్పటి పిల్లలు అంకె చూసి మిషన్ కట్టేస్తారు. గ్రాఫ్ బటన్ మీద దుమ్ము కూడా చెదరదు.

ఇంకో మాట. 0.8 అనే అంకె ఎక్కడిదని అడుగుతుంటారు. అంగుళాల కాలంలో 0.030 అంగుళం కటాఫ్ ఉండేది. మిల్లీమీటర్లలోకి వచ్చేసరికి అది 0.8 అయింది. 0.010 అంగుళం 0.25 అయింది, 0.100 అంగుళం 2.5 అయింది.

డిప్లొమా_థర్డ్‌ఇయర్ · మంగళవారం మధ్యాహ్నం 2:40

సార్ మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా టెక్స్ట్‌బుక్‌లో ఫినిష్ చూపించే త్రిభుజాల గుర్తులున్నాయి. మూడు త్రిభుజాలంటే ఆర్‌ఏ ఎంత? రేపు ఇంటర్నల్.

మెట్రాలజీ_అక్క · మంగళవారం మధ్యాహ్నం 3:02

మన పాత పద్ధతిలో ఒక త్రిభుజం 8 నుంచి 25, రెండు 1.6 నుంచి 8, మూడు 0.025 నుంచి 1.6, నాలుగు 0.025 కంటే తక్కువ. మూడో గడి చూశావా? అందులో సాదా గ్రైండింగూ పడుతుంది, అద్దంలాంటి ల్యాపింగూ పడుతుంది. అందుకే ఆ పద్ధతి పోయింది. తర్వాత ఎన్ గ్రేడులొచ్చాయి. ఎన్6 అంటే 0.8, అక్కణ్ణుంచి పైకి వెళితే రెట్టింపు (ఎన్7 1.6, ఎన్8 3.2), కిందికి వస్తే సగం. ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతావి వేళ్ల మీద చెప్పొచ్చు. ఇంటర్నల్ బాగా రాయి.

నెకర్_ఒడ్డు · మంగళవారం రాత్రి 8:15

స్టట్‌గార్ట్ నుంచి. ఇక్కడ డ్రాయింగుల్లో ఆర్‌ఏ కంటే ఆర్‌జడ్ (మొన నుంచి లోయ దాకా ఎత్తుల సగటు) ఎక్కువ కనిపిస్తుంది. ఆయిల్ సీల్ జాగకి జర్మన్ ప్రమాణం డిన్ 3760 అడిగేది ఆర్‌ఏ 0.2 నుంచి 0.8, ఆర్‌జడ్ 1 నుంచి 5. కింద హద్దు కూడా ఉందని గమనించండి. మరీ నున్నగా ఉంటే సీల్ పెదవి కింద నూనె పొర నిలవదు, పెదవి మాడిపోతుంది. మీ డ్రాయింగులో 0.4 మాక్సిమమ్ మాత్రమే ఉందంటే, కింద హద్దు రాయడం మరిచారేమో.

ఇంకో సంగతి. 2021 డిసెంబర్‌లో గరుకుతనానికి కొత్త అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 21920 వచ్చి పాత 4287, 4288, 1302 మూడింటి స్థానంలో కూర్చుంది. పాత 4288లో పదహారు శాతం రూల్ ఉండేది. డ్రాయింగులో మాక్స్ అని ప్రత్యేకంగా రాయకపోతే, కొలిచిన వాటిల్లో పదహారు శాతం దాకా హద్దు దాటినా పాస్. కొత్త దాంట్లో ఏమీ రాయకపోతే ఒక్కటి కూడా దాటకూడదు. కటాఫ్ కూడా ఇప్పుడు డ్రాయింగులో రాసిన హద్దుని బట్టే ఎంచుకోవాలి. కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు ఏ ప్రమాణం ప్రకారమో అడగండి.

అన్నట్టు, షాఫ్టులు ఇప్పటికే ఏమైనా గేర్‌బాక్సుల్లో బిగించారా? లీకేజీ కంప్లైంట్ వచ్చిందా?

సీఎన్‌సీ_నైట్‌షిఫ్ట్ · బుధవారం తెల్లవారుజాము 1:50

ఆర్‌జడ్ అంటే ఆర్‌ఏకి నాలుగు రెట్లే కద అన్నా. మా క్యూసీ చార్టులో అలాగే అంటించారు. 0.4 అంటే 1.6.

నెకర్_ఒడ్డు · బుధవారం తెల్లవారుజాము 3:10

ఆ చార్టు చింపేయండి. ఒక ముఖం మీద మొనలు ఎక్కువ, ఇంకో ముఖం మీద సన్నటి లోతు గీతలు ఎక్కువ. రెండింటికీ ఆర్‌ఏ 0.4 రావచ్చు, ఆర్‌జడ్ మాత్రం ఒకదానికి 2, ఇంకోదానికి 4 రావచ్చు. ఆర్‌ఏ సగటు కదా, మొన అయినా లోయ అయినా దానికి ఒకటే. హోనింగ్ చేసిన సిలిండర్ బోరు చూడండి. పైన చదును, లోపల నూనె నిలిచే గాళ్లు. అదే ఆర్‌ఏతో టర్నింగ్ ముక్క పెడితే పిస్టన్ రింగుని నమిలేస్తుంది. పాత జపనీస్ డ్రాయింగులైతే ఇంకో తిరకాసు. 2001కి ముందు జిస్‌లో ఆర్‌జడ్ అంటే పది బిందువుల సగటు, ఐఎస్‌ఓ ఆర్‌జడ్‌కి దానికి లెక్కే వేరు.

సీఎన్‌సీ_నైట్‌షిఫ్ట్ · బుధవారం తెల్లవారుజాము 3:25

సరే చింపేశా. సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా, టర్నింగులో 0.4 నోస్ (మొన రేడియస్) ఇన్సర్ట్‌తో 0.2 ఫీడ్ (చుట్టుకి జరిగే దూరం) పెడుతున్నాను. ఎంత స్పీడు పెంచినా ఆర్‌ఏ 3 కిందికి రావట్లేదు. మిషన్ పాతది కాబట్టా?

రిటైర్డ్_టూల్‌రూమ్ · బుధవారం ఉదయం 6:30

మిషన్ తప్పేం లేదు, లెక్కలోనే అంతుంది. ఫీడ్‌ని ఫీడ్‌తోనే గుణించి, నోస్ రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగించండి. 0.04ని 3.2తో భాగిస్తే 0.0125 మిల్లీమీటర్, అంటే మొన నుంచి లోయ దాకా 12.5 మైక్రాన్లు. ఇలాంటి క్రమమైన ముఖానికి ఆర్‌ఏ దాదాపు అందులో నాలుగో వంతు, 3.2. స్పీడు ఈ లెక్కలో ఎక్కడా లేదు చూడండి. ఫీడ్ సగం చేస్తే 0.8కి వస్తుంది. లేదా 0.8 నోస్ పెడితే 1.6. వైపర్ ఇన్సర్ట్ అయితే అదే ఫీడ్‌తో ఇంకా తగ్గుతుంది. (నాలుగో వంతు అన్నానని మళ్లీ చార్టు అంటించకండి, ఇది ఒట్టి టర్నింగ్ లెక్కకి మాత్రమే.)

జీడిమెట్ల_గ్రైండర్ · బుధవారం పొద్దున 10:40

టూల్‌రూమ్ సారూ, గ్రాఫ్ తీసిన. మా టెస్టర్ తెర అగ్గిపెట్టె అంత ఉంటది, అయినా కనిపిస్తున్నది. సన్న గీతల కింద గుండ్రంగ అలలు, ఒకదాని ఎనుక ఒకటి, చీరె అంచు లెక్క. ఐదు షాఫ్టులల్ల గట్లనే ఉన్నయి. 4 మిల్లీమీటర్లల లెక్కపెడితె పది అలలు.

నెకర్ అన్నా, నువ్వు అడిగినంక కస్టమర్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసిన. మా అంతకుముందు లాట్లకెళ్లి బిగించిన రెండు గేర్‌బాక్సుల్ల సీల్ కాడ నూనె చెమ్మ వస్తున్నదట. సీలే ఖరాబనుకొని మార్చిన్రు, మళ్ల గదే. కొత్త లాట్‌ల ఫినిష్ గింత గట్టిగ చూస్తున్నది గందుకేనట. గా ముచ్చట ముందుగాల మాకు చెప్పలే.

రిటైర్డ్_టూల్‌రూమ్ · బుధవారం ఉదయం 11:25

4 మిల్లీమీటర్లలో పది, అంటే అల వెడల్పు 0.4. ఇప్పుడు మీ రెండు రీడింగుల రహస్యం లెక్కకి అందింది. ఈ టెస్టర్లలో గాసియన్ ఫిల్టర్ ఉంటుంది. సరిగ్గా కటాఫ్ దగ్గరున్న అల సగమే దాటుతుంది. 0.25 కటాఫ్ పెడితే 0.4 అలలో దాదాపు పావువంతే లెక్కలోకి వస్తుంది, 0.8 పెడితే 94 శాతం వస్తుంది. మీ అల అలాగే ఉంది, జల్లెడే మారింది.

ఇక ఆ అల ఎక్కణ్ణుంచి వచ్చింది? రేణువులకి అంత క్రమం ఉండదు. అంత వరసగా వచ్చేది ఒకటే, డ్రెస్సింగ్. అంటే వీలు (గ్రైండింగ్ రాయి) ముఖాన్ని డైమండ్ మొనతో చెక్కి సరిచెయ్యడం. ఆ మొన వేగంగా పోతే వీలు ముఖం మీద స్క్రూకున్నట్టు మర పడుతుంది. ప్లంజ్‌లో వీలు పక్కకి కదలదు కాబట్టి ఆ మర అలాగే జాబ్ మీద అచ్చు పడుతుంది.

మూడు అంకెలు కావాలి. వీలు ఆర్‌పీఎం, జాబ్ ఆర్‌పీఎం, డైమండ్ మొన వీలు వెడల్పుని దాటడానికి పట్టే సమయం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి, మీటర్లని నమ్మకండి.

ఆటోనగర్_బాబాయ్ · బుధవారం మధ్యాహ్నం 12:10

ఇంత పురాణం ఎందుకయ్యా. 120 ముక్కలూ లేత్‌కి కట్టి సన్న ఎమరీ కొట్టించు. అరగంటకో పాతిక అవుతాయి. 0.3కి దిగుతుంది, కస్టమర్‌కి పంపెయ్.

మెట్రాలజీ_అక్క · బుధవారం మధ్యాహ్నం 12:32

బాబాయ్ గారూ, గోరు దాకా ఒప్పుకున్నాను, ఇది మాత్రం ఒప్పుకోను. ఎమరీ మొనల్ని కోస్తుంది, ఆర్‌ఏ దిగుతుంది, నిజమే. కానీ చేత్తో ఎమరీని పక్కకి జరుపుతూ పట్టుకుంటే షాఫ్ట్ మీద కొత్తగా ఏటవాలు గీతలు పడతాయి, పైగా రాలిన గరుకు సీల్ కింద చేరుతుంది. అంకె పాసవుతుంది, గేర్‌బాక్స్ చెమరుస్తూనే ఉంటుంది.

నూనె చెమ్మ అంటున్నాడు కదా, నాకు అసలు అనుమానం అదే. షాఫ్ట్ మీద మరలాంటి గీత, లీడ్, ఉంటే అది తిరుగుతూ నూనెని పంపులా బయటికి తోస్తుంది. తిరిగే దిశ మారితే లోపలికి లాక్కుని పెదవిని ఎండబెడుతుంది. ఆర్‌ఏ అంకెకి ఈ సంగతి తెలియనే తెలియదు. అది లోతు చెబుతుంది, గీత అడ్డంగా ఉందా ఏటవాలుగా ఉందా చెప్పదు.

జీడిమెట్ల_గ్రైండర్ · బుధవారం సాయంత్రం 5:05

సారూ అంకెలు ఇగో. వీలు 400 డయా, 50 వెడల్పు, 1650 ఆర్‌పీఎం. జాబ్ 110 ఆర్‌పీఎం. డ్రెస్సర్ హైడ్రాలిక్‌ది. ఈ అంచు నుంచి ఆ అంచుకు నాలుగున్నర సెకండ్లు పట్టింది, మూడుసార్లు చూసిన. ఆపరేటర్ని అడిగితె "గట్లనే ఎప్పటికీ చేస్తం సార్, జల్ది అయితది" అన్నడు.

రిటైర్డ్_టూల్‌రూమ్ · బుధవారం సాయంత్రం 5:48

నాలుగున్నర సెకన్లలో 50 అంటే నిమిషానికి 667 మిల్లీమీటర్లు. 1650తో భాగిస్తే చుట్టుకి 0.40. మీ గ్రాఫ్ చెప్పిందీ అదే. చేతులు కలిపాయి.

ఇంకోటి గమనించారా? 1650ని 110తో భాగిస్తే సరిగ్గా 15. జాబ్ ఒక్క చుట్టు తిరిగేసరికి వీలు మీద మర మళ్లీ అదే చోటికి వచ్చి, పడిన గీత మీదే మళ్లీ పడుతుంది. ఈ భాగహారంలో పూర్ణ సంఖ్య రాకుండా చూసుకోవాలి. జాబ్ 104కి మార్చండి, 15.87 వస్తుంది, ఏ చుట్టుకాచుట్టు గీత వేరే చోట పడి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

డ్రెస్సింగ్ ఆఖరి పాస్ 18 సెకన్లు పట్టేలా నెమ్మది చేయండి, చుట్టుకి 0.1 వస్తుంది. డైమండ్ మొన అర మిల్లీమీటరు వెడల్పున ఆనుతుందనుకుంటే ప్రతి చోటా ఐదుసార్లు పోతుంది, మర మిగలదు. మరీ ఇంతకంటే నెమ్మది చేస్తే వీలు మొద్దుబారి జాబ్ కాలుతుంది, జాగ్రత్త. స్పార్క్ అవుట్ (ఇంకా లోపలికి దింపకుండా వీలుని అలాగే ఆనించి తిప్పడం) కూడా నిప్పురవ్వలు పూర్తిగా ఆగేదాకా ఇవ్వండి.

లీడ్ ఉందో లేదో చూడ్డానికి మిషన్ కొనక్కర్లేదు, దారం చాలు. షాఫ్ట్‌ని సెంటర్ల మధ్య పెట్టి, నీటిమట్టంతో సమంగా ఉందో సరిచూసి, పల్చగా నూనె రాయండి. సన్న నూలుదారం ఉచ్చులా వేసి కింద 30 గ్రాముల బరువు కట్టండి, రెండు ఎం12 నట్లు సరిపోతాయి. బరువు షాఫ్ట్‌కి కొంచెం దగ్గరగా ఉండాలి, దారం మూడింట రెండొంతుల చుట్టు ఆనాలి. నిమిషానికి 60 చుట్లు తిప్పండి. లీడ్ ఉంటే దారం ఒక పక్కకి నడుస్తుంది. దిశ మార్చి తిప్పండి, అప్పుడు వెనక్కి నడవాలి. రెండు దిశల్లోనూ ఒకే పక్కకి పోతే అది లీడ్ కాదు, షాఫ్ట్ టేపర్ ఉందో, మీరు సమమట్టంగా పెట్టలేదో.

ఆటోనగర్_బాబాయ్ · బుధవారం రాత్రి 9:30

దారం సంగతి నాకు తెలియదు సుమా. ఎమరీ మాట వెనక్కి తీసుకుంటున్నా. గోరు మాట తీసుకోను.

మెట్రాలజీ_అక్క · బుధవారం రాత్రి 9:44

గోరు ఉండనివ్వండి. పక్కన కంపారేటర్ ప్లేటు (ఆర్‌ఏ అంకెలు రాసిన నమూనా ముక్కల పట్టీ) పెట్టుకుని గీకితే చాలా దగ్గరగా చెప్పగలరు. గ్రైండింగ్ ముక్కకి గ్రైండింగ్ ప్లేటే పెట్టాలి, టర్నింగ్ ప్లేటు పెడితే గోరు అబద్ధం చెబుతుంది.

జీడిమెట్ల_గ్రైండర్ · గురువారం రాత్రి 10:20

దారం నడిచింది.

పాత లాట్ షాఫ్ట్ మన లేత్ మీద పెట్టి, తక్కువ గేర్‌ల 60 దగ్గరికి తెచ్చి తిప్పిన. మొదాల కదల్లే, నూనె ఎక్కువైందేమో అనుకొని కొంచెం తుడిచిన. ఇగ చూడుర్రి, నట్లు ఊగుకుంట టెయిల్‌స్టాక్ దిక్కు పోవుడు షురువైంది. మెల్లగ, చీమ నడిచినట్టు. అరనిమిషంల 5 మిల్లీమీటర్లు జరిగింది. చక్ ఉల్టా తిప్పితె వాపస్ వచ్చింది. షెడ్డుల అందరు పని బందువెట్టి చుట్టు నిలవడ్డరు. ఆపరేటర్‌కి నేనేం చెప్పలే, ఆయనే డ్రెస్సర్ కాడికి పోయి వాల్వు తిప్పిండు.

ఇయ్యాల సాయంత్రం 18 సెకండ్లకు డ్రెస్సింగ్ చేసి, జాబ్ 104 పెట్టి, మూడు షాఫ్టులు రీగ్రైండ్ చేసిన. సీల్ జాగకి హెచ్11 టాలరెన్స్ ఉన్నది, 160 మైక్రాన్ల జాగ దొరుకుతది, గందుకే 20 మైక్రాన్లు తీసినా సైజు పోలే. 0.8 కటాఫ్‌ల 0.26, 0.28, 0.27. గ్రాఫ్‌ల అలలు లెవ్వు. దారం పది నిమిషాలు తిప్పినా ఉన్న కాడనే ఉన్నది.

నెకర్_ఒడ్డు · గురువారం రాత్రి 11:02

అద్భుతం. కస్టమర్‌కి రిపోర్టు పంపేటప్పుడు ఆర్‌ఏ పక్కన కటాఫ్, ఎవాల్యుయేషన్ లెంగ్త్ (లెక్కలోకి తీసుకున్న మొత్తం పొడవు), మొన రేడియస్ కూడా రాయండి. ఆర్‌జడ్ కూడా ఇవ్వండి, మీకే మంచిది.

జీడిమెట్ల_గ్రైండర్ · మరుసటి మంగళవారం సాయంత్రం 6:15

అప్‌డేట్. 120 పీసులు వాపస్ తెచ్చి మళ్ల గ్రైండ్ చేసి పంపినం. వాళ్ల మిషన్‌ల 0.27 నుంచి 0.30. పాస్. డెబిట్ నోట్ ఆపిన్రు గని, రానుపోను ట్రాలీ కిరాయి మా మీదనే పడ్డది. పాత రెండు గేర్‌బాక్సుల షాఫ్టులు కూడ మార్చి ఇస్తమన్నం, అవి ఉత్తగనే.

టెస్టర్ కవరు మీద తెల్ల టేపు అంటించి "0.8 చూడు" అని రాసిన. పిలగాడు దాని కింద "దారం కూడ" అని రాసుకున్నడు.

ఆటోనగర్_బాబాయ్ · మరుసటి మంగళవారం రాత్రి 7:40

దారం ఎక్కడ కొన్నావ్ అబ్బాయ్? నేనూ ఒక రీలు తెచ్చుకుంటా.

జీడిమెట్ల_గ్రైండర్ · మరుసటి మంగళవారం రాత్రి 7:52

కొనలే బాబాయ్. మా అమ్మ కుట్టుమిషన్ కాడికెళ్లి తెచ్చిన. మళ్ల ఇయ్యమని రోజు అడుగుతున్నది.